పైపులో చీపురు ఈనె

మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బెంగాలీ ఫోర్‌మన్ దాదా పైపు కాల్చేవాడు. నేనూ ఒకటి కొనుక్కోవాలని ఉందంటే, "నీకు చుట్టే ఠీక్ హై" అని నలుగురి ముందూ నవ్వాడు. ఆ కసితోనే పైపు కొన్నాను. ఏళ్ల తరబడి అది సరిగ్గా పొగ లాగలేదు. ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

మూడేళ్ల కిందట ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో కూర్చుని, ముట్టించని పైపును బుగ్గలు లోపలికి పోయేలా పీల్చి చూస్తున్నాను. పక్కన కొత్త ఈనెల చీపురు పట్టుకుని కూర్చున్న ముసలమ్మ కిసుక్కున నవ్వింది.

"ఏటయ్యా, అలాగ కుక్కినావు? సుట్టనుకున్నావేటి, బిగించడానికి?"

"నీకేటి తెలుసు? ఇంజన్ల పొగగొట్టాలు బాగుచేసినోణ్ణి నేను."

"మరిదెందుకు బాగవనేదు?"

నా చేతిలోంచి పైపు లాక్కుని, పొగాకంతా నా పేపరు మీద దులిపేసింది. చీపురులోంచి ఒక ఈనె పీకి గొట్టంలో దూర్చి తిప్పితే నల్లటి జిడ్డు ఊడి వచ్చింది. పొగాకును మళ్లీ వదులుగా నింపి ఇచ్చింది.

"పొయ్యి నిండా కట్టెలు కుక్కితే మండుతాదేటి? ఇప్పుడు పీల్సు."

పీల్చాను. గాలి సాఫీగా వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"రావడం నేదు" అన్నాను.

ఈసారి లోపలికి పోని నా బుగ్గలకేసి ఆవిడ ఒక్క క్షణం చూసింది. "అయితే సుట్ట కాల్సుకో" అని, చీపురు చంకన పెట్టుకుని బండికి వెళ్లిపోయింది.

ఆవిడంటే నాకు ఇప్పటికీ కోపమే. మా ఊరి గోల్‌బజార్‌లో చీపురు కొన్నప్పుడల్లా మాత్రం, ఇంట్లో ఇచ్చేముందే నాలుగు ఈనెలు పీకి జేబులో పెట్టుకుంటాను.