బయటికొచ్చే దారి ముందు చూపించు

మా మావయ్య ఎక్కడికి వెళ్ళినా, ఏది కొన్నా, ముందు అడిగే ప్రశ్న ఒకటే: "దూరడం సరే, బయటికొచ్చే దారేది?" ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్న మనిషి కదా, ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బే అని మా అమ్మ సర్దిచెబుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అత్తయ్య తేల్చేస్తుంది. అమ్మ ఆయనకు అక్క, అత్తయ్య ఆయన్ని కట్టుకున్న మనిషి. కాబట్టి నేను అత్తయ్య మాటే నమ్ముతాను.

చొక్కా కొనడానికి వెళ్తే అందరూ తొడుక్కుని చూస్తారు. మావయ్య విప్పి చూస్తాడు, అదీ గడియారం చూసుకుంటూ. పక్కింటివాళ్ళు కొత్త సోఫా కొన్నామని పిలిస్తే వెళ్ళి మూడుసార్లు కూర్చున్నాడు, మూడుసార్లు లేచాడు. ఇంటావిడ కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరికి "మంచి సోఫా అమ్మా, లేవగలుగుతున్నాను" అని మెచ్చుకుని వచ్చాడు.

"పెళ్ళప్పుడు నిన్ను కూడా అడిగాడా అత్తయ్యా?" అన్నాను ఒకసారి.

"అడగకుండా ఉంటారా? దారి లేదని చెప్పాను. అందుకే పాపం ఇంకా ఇక్కడే ఉన్నారు."

సినిమాకు వెళ్తే ఆయనకు తలుపు పక్క సీటే కావాలి. అక్కణ్ణించి తెర సగమే కనిపిస్తుంది. హీరో ఉన్న సగం మాకు ఎప్పుడూ దొరకలేదు. ఒకసారి మధ్యలో కరెంటు పోయి, ఏదో కాలుతున్న వాసన వచ్చి, హాలంతా బయటికి పరిగెత్తింది. అందరికన్నా ముందు బయట ఉండాల్సిన మావయ్య జాడే లేదు. అత్తయ్య గుంపంతా వెతికింది. తీరా చూస్తే ఆయన ఆ తలుపుకు వీపు ఆనించి, అది మూసుకుపోకుండా పట్టుకుని, "తోసుకోకండి, నెమ్మదిగా, నెమ్మదిగా" అంటున్నాడు. అందరూ వచ్చాక చివర్లో వచ్చాడు. "తలుపు పక్కన కూర్చుని ఆఖర్న రావడమేమిటండీ, ఆ మాత్రానికి నడుమ సీటే తీసుకోవచ్చుగా" అని అత్తయ్య ఇంటిదాకా తిట్టింది.

ఇక నా సంగతి. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. వారమంతా ఎవరెవరివో దవడలు ముందేసుకుని కూర్చుంటాను కాబట్టి, ఆదివారం వస్తే మౌంటెన్ బైక్ తీసుకుని కొండ మీద పడతాను. పోయినేడు కొండ పోటీలో రాళ్ళ మీద దూకుతుంటే కాలు పెడల్ మీంచి జారింది. పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టింది. ఏడు కుట్లు. పోటీ సగంలోనే ఆగిపోయింది. ఈ ఏడు ఎన్నో స్థానమైనా సరే, పూర్తి చేసి తీరాలని నా పట్టుదల.

కాలు జారకుండా ఉండాలంటే క్లిప్‌లెస్ పెడళ్ళు వేయించుకోమన్నారు తోటివాళ్ళు. బూటు అడుగున ఓ చిన్న ఇనుప ముక్క బిగిస్తారు. తొక్కగానే అది పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితే వదులుతుంది. ఇది విని అమ్మ అట్లకాడ కింద పెట్టింది.

"కాలు జారితేనే ఏడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు కాలు కట్టేసుకుని పడతావా? మీ మావయ్య సరే అంటే పోటీకి వెళ్ళు. లేదంటే ఆ సైకిల్ అటకెక్కుతుంది."

లోకంలో ఇంతమంది ఉండగా, కాళ్ళు ఇరికించుకునే వస్తువుకు అనుమతి ఆయన దగ్గర తెచ్చుకోవాలి. పోటీ మూడు వారాల్లో ఉంది.

సైకిల్ షాపాయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది తళతళలాడుతోంది. దాని ధరకు ఇంకో సైకిల్ వస్తుంది.

"ఇది ఈకలా ఉంటుంది సార్. పోటీలవాళ్ళంతా ఇదే వాడతారు."

"బురద పడితే వదులుతుందా?"

"వదులుతుంది సార్."

"భయపడి మడమ లోపలివైపు తిప్పితే?"

షాపాయన తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు. రెండో రకం కూడా అక్కడే ఆగిపోయింది. మూడోది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా బరువు. చుట్టూ వెడల్పాటి చట్రం ఉంది, కాలు బయటికొచ్చినా ఆనించుకోవచ్చు. బూటు ముక్కల్లో కూడా ఎటు తిప్పినా వదిలేసే రకం ఒకటుందని షాపాయన గుర్తు తెచ్చుకుని లోపల్నించి తెచ్చాడు. తమ మేడ లిఫ్టును మావయ్యే బాగుచేయించాడన్న అభిమానం కొద్దీ, వాటిని ఒక పాత సైకిల్‌కు బిగించి, బూట్లతో సహా వాడి చూడమని ఇచ్చాడు.

మావయ్యకు ఇంకో అలవాటుంది. కనిపించిన ప్రతి స్క్రూనూ బిగిస్తాడు. లిఫ్టులవాళ్ళకు వదులు స్క్రూ చూస్తే నిద్రపట్టదు. ఇంటికి రాగానే పెడళ్ళ మీదున్న చిన్న స్క్రూలు కనిపించాయి. చివరిదాకా బిగించేశాడు. పట్టు ఎంత గట్టిగా ఉండాలో తేల్చేవి ఆ స్క్రూలేనని ఆయనకు తెలియదు. తరవాత వరండాలో గోడ పట్టుకుని సైకిలెక్కి, టక్, టక్ అని రెండు కాళ్ళూ ఇరికించాడు.

అంతే. మడమ కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. నడుము కూడా తిప్పాడు. రాలేదు. అత్తయ్య ఉతికిన బట్టల బుట్టతో అటు వెళ్ళింది.

"ఏమండీ, ఎందాకా వెళ్ళారు?"

"మాట్లాడకు. దారి వెతుకుతున్నాను."

"నేను పట్టుకోనా మావయ్యా?" అన్నాను.

"ముట్టుకోకు. కొండ మీద నిన్నెవరు పట్టుకుంటారు?"

ముప్పావు గంట గడిచింది. అత్తయ్య మూడోసారి అటు వచ్చి, బుట్ట దించి, కింద కూర్చుని, బూటు లేసులు విప్పి ఆయన కాళ్ళు బయటికి లాగేసింది. బూట్లు పెడళ్ళకే వేలాడుతున్నాయి. మావయ్య మేజోళ్ళతో నేల మీద నిలబడి వాటినే చూస్తున్నాడు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు," అంది అత్తయ్య, బుట్ట ఎత్తుకుంటూ.

ఆయన నవ్వలేదు. నా వైపు చూసి, "వద్దే అమ్మాయ్. ఇవి నీకొద్దు," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ ఆ సాయంత్రమే నిచ్చెన తెచ్చి అటక కింద ఆనించింది. పది రోజులు ఆ నిచ్చెన పక్కనుంచే ల్యాబుకు వెళ్ళొచ్చాను.

పదకొండో రోజు మావయ్య వచ్చాడు. మోచేతికి కట్టు, నడకలో కుంటు. లిఫ్టు గదిలో జారానన్నాడు. ఆ చవక పెడళ్ళు నా సైకిల్‌కు బిగించి, నా బూట్లకు ఆ ఇనుప ముక్కలు వేసి, "వెళ్ళు. కానీ ఆ స్క్రూల జోలికి పోకు," అన్నాడు. అమ్మ నిచ్చెన తీసేసింది.

పట్టు మరీ వదులుగా అనిపించి, కాస్త బిగించమని షాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా వల్ల కాదమ్మా. మీ మావయ్య ప్రమాణం చేయించుకున్నారు. వారం నుంచీ రోజూ పొద్దున్నే ఈ వెనక గడ్డి మైదానంలో కాళ్ళు ఇరికించుకోవడం, పడటం, స్క్రూ పావు చుట్టు వదులు చేయడం, మళ్ళీ పడటం. ముప్ఫై ఎనిమిది సార్లు. పుస్తకంలో రాసుకున్నారు కూడా. 'మా పిల్ల భయపడితే మడమ లోపలికి తిప్పుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే' అంటూ అటు వైపే ఎక్కువసార్లు పడ్డారు."

నేను సైకిల్ ఇంటివైపు తిప్పుకున్నాను. స్క్రూ మాట మళ్ళీ ఎత్తలేదు.

పోటీ రోజు మావాళ్ళంతా గమ్యం దగ్గర నిలబడ్డారు. మావయ్య లేడు. పోయినేడు నేను పడ్డ రాళ్ళ మలుపుకు వచ్చేసరికి అక్కడున్నాడు, మందుల పెట్టె పక్కన పెట్టుకుని. ముందు పడిన ఇద్దరు కుర్రాళ్ళను అప్పటికే లేపి, దులిపి పంపించాడట. నా ముందు చక్రం రాయికి తగిలి ఆగింది. సైకిల్ పక్కకు ఒరిగింది. మడమ దానంతటదే లోపలికి తిరిగింది. కాలు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసి నేల మీద ఆనింది. నిలబడ్డాను.

"వచ్చిందా?" అన్నాడు మావయ్య.

"వచ్చింది మావయ్యా."

"మరి చూస్తావేం? కాలు లోపల పెట్టు. వెళ్ళు."

టక్కుమని పెట్టి వెళ్ళాను. నలభై ఒక్కమందిలో ఇరవై ఏడో స్థానం. పూర్తి చేశాను, అది చాలు. అందరూ వెళ్ళిపోయాక, కొండ మీంచి ఆఖరి మనిషిగా మావయ్య పెట్టె పట్టుకుని కుంటుకుంటూ దిగుతున్నాడు.

ఆయన మలుపు దగ్గర ఏమన్నాడో అత్తయ్యకు చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"ఆయన? లోపల పెట్టమన్నారా?" అని కొండ వైపు అనుమానంగా చూసింది. "రానీ, జ్వరమేమైనా ఉందేమో ఒళ్ళు పట్టుకుని చూస్తాను."