ఆత్మకూరు నుంచి ఉదయగిరికి: బెల్లం పాకంలో కైమా ఉండల కోసం ఒక రోజు

వర్షాకాలంలో వచ్చిన జ్వరం పది రోజుల్లో తగ్గింది. నాకు వాసన తెలియడం మాత్రం దానితోనే పోయింది. నాలుగు నెలలైంది. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చునని నెల్లూరు డాక్టరు అన్నాడు. డెబ్బై మూడేళ్ల వయసులో ఆ రెండో మాటే చెవిలో నిలిచింది. ఆత్మకూరులో నా ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను. ఎవరూ లేక కాదు, అలా ఉండడమే నాకిష్టమై. గత నెలలో ఒకనాడు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, గ్యాసు వస్తూనే ఉంది. నేను పక్క గదిలో పత్రిక చదువుకుంటున్నాను. వీధిలో పోయే మనిషి తలుపు బాదేదాకా నాకు తెలియలేదు. ఆ సంగతి నెల్లూరులో ఉన్న మా చెల్లెలు శారదకు ఎలా చేరిందో గాని, ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"అక్కా, సిలిండరు వెనక్కి ఇచ్చెయ్. రెండు పూటలా క్యారియర్ తెచ్చే ఆమెను మాట్లాడినాను. సోమవారం నుంచి వస్తాది."

"నా వంట నేను చేసుకోలేనా?"

"చేసుకుంటావు. వీధి వీధంతా తగలబెడతావు గూడా."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక్క వంట, మొదటి నుంచి చివరి దాకా, ఎవరి చేయీ ఎవరి మాటా లేకుండా నేను సరిగ్గా చేయగలిగితే క్యారియర్ ఊసెత్తదు. చేయలేకపోతే పొయ్యి నాది కాదు. నేను ఎంచుకున్నది బెల్లం, చింతపండు పాకంలో కైమా ఉండలు. అందుకు కారణం ఉంది. వాసన పోయాక అన్నం, పప్పు, కూర అన్నీ నాకు తడి కాగితంలాగే ఉన్నాయి. కానీ తీపి, పులుపు, ఉప్పు, కారం నాలుక ఒక్కటే చెప్పగలదు. వాటికి ముక్కుతో పని లేదు. పైగా అరగంటలో అయ్యే వంట, వారం మధ్యలో అలసిన సాయంత్రానికి సరిపోతుంది. అది బాగా చేసే మనిషి ఉదయగిరిలో ఉంది; పద్ధతి ఆమెను అడిగి తెలుసుకుని, అక్కడే నేనొక్కదాన్నే చేసి చూడాలనుకున్నాను. నేను జువాలజీ చెప్పిన కాలేజీలో ఆడపిల్లల హాస్టల్‌కు పన్నెండేళ్లు వార్డెన్‌గా ఉన్నాను; హుస్సేన్‌బీ అక్కడ వంట చేసేది. బుధవారం రాత్రి ఆ ఉండల కోసం పిల్లలు చదువు ముందే ముగించేవారు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఆత్మకూరు డిపోలో ఉదయగిరి బస్సెక్కాను. ప్రయాణం సుమారు రెండు గంటలు. ఎడమవైపు కిటికీ దొరికితే ఎండ తగలదు. కండక్టరు ఆధార్ కార్డు అడిగాడు. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ ఉచితమని మీకూ తెలుసు. నేను వంద రూపాయల నోటు ఇచ్చాను.

"కార్డు చూపీ అవ్వా, సున్నా టికెట్ కొడతాను."

"నాకు పింఛను వస్తుంది నాయనా. డబ్బు తీసుకో."

"నువ్విచ్చినావని నేను తీసుకుంటే నా ఉద్యోగం పోతాది. ఆ పుణ్యం నాకెందుకు?"

వెనక సీటులో ఆడవాళ్లు నవ్వారు. కార్డు చూపించాను. కాబట్టి ఈ దారిన వెళ్లే ఆడవారు ఆధార్ వెంట ఉంచుకోండి. మర్యాదగా డబ్బిచ్చినా తీసుకోరు.

ఉదయగిరి బస్టాండు నుంచి కొండ వైపు పది నిమిషాలు నడిస్తే హుస్సేన్‌బీ ఇల్లు. వసారాలో కోడలు రేష్మా కూర్చుని కొయ్య గరిటె చెక్కుతోంది. హుస్సేన్‌బీ లోపలి నుంచి వచ్చి నా చేయి పట్టుకుని, "ఎంత చిక్కిపోయినారు మేడమ్, మీకెవురు వొండిపెడతా ఉండారు?" అంది. నేనే వండుకుంటున్నానని చెప్పాను. వాసన సంగతి చెప్పలేదు. చెబితే ఆమె నా పక్కన నిలబడుతుంది. పక్కన మనిషి ఉంటే అది నా వంట కాదు.

నేను ముందే ఫోన్‌లో చెప్పినందున అరకిలో మటన్ కైమా తెప్పించి ఉంచింది. దాన్ని గుడ్డలో వేసి నీరంతా పిండమంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, ఉండ విడిపోకుండా రెండు చెంచాల పుట్నాల పొడి. అందులో సగంతో ఉసిరికాయంత ఉండలు చుట్టి, కొంచెం నూనెలో అన్ని వైపులా ఎర్రబడేదాకా దొర్లించాను. ఇంతవరకూ నా చేతులు ఎక్కడా తడబడలేదు. తర్వాత నిమ్మకాయంత చింతపండు రసం, అంతే బెల్లం, అర చెంచా కారం, దంచిన మిరియాలు, చిటికెడు ఉప్పు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను.

"నువ్వు వసారాలో కూర్చో. అయ్యాక పిలుస్తాను," అన్నాను.

"పరీచ్చకు కూర్చున్నట్టుండారే మేడమ్," అంటూ వెళ్లింది.

బెల్లం కనిపించగానే నా చేతులకు అలవాటైన పని అవే చేసుకుపోయాయి. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ కట్టి చూశాను. గట్టిగా ఉండ కట్టాక కైమా ఉండలు వేశాను. రెండు నిమిషాల్లో అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాయిలా బిగుసుకున్నాయి. హుస్సేన్‌బీని పిలిచి చూపించాను. ఆమె గరిటెతో తట్టింది, టక్కుమంది.

"అరిసెల పాకం పట్టినారు మేడమ్. కూరకు ఎవురన్నా నీళ్లల్లో ఏసి చూస్తారా? గరిటె నుంచి నిదానంగా జారితే చాలు."

ఇద్దరం నవ్వుకున్నాం. అది తెలియని తప్పు; తెలుసుకుంటే పోయేది. మిగిలిన కైమాతో మళ్లీ ఉండలు చుట్టాను, మళ్లీ పాకం పెట్టాను. ఈసారి గిన్నె ముందు నుంచి కదలలేదు. మంట తగ్గించాను. బుడగలు పెద్దవయ్యాయి, పాకం గరిటె నుంచి చెప్పినట్టే జారుతోంది. నల్లబెల్లం కనుక రంగు ముందే నలుపు. ఉండలు వేసి తిప్పుతూ, నాలుగు నెలల్లో మొదటిసారి నా మీద నాకు నమ్మకం కలిగింది.

వసారాలో ఉలి చప్పుడు ఆగింది. "అత్తా, మాడు వాసనొస్తా ఉండాది," అంది రేష్మా.

నేను పొయ్యి ఎదుటే నిలబడి ఉన్నాను. అడుగున పాకం బొగ్గైపోయింది. పది అడుగుల దూరంలో కొయ్యపొట్టు మధ్య కూర్చున్న పిల్లకు తెలిసింది, గిన్నె మీదికి వంగిన నాకు తెలియలేదు. ఒక ఉండ నోట్లో వేసుకున్నాను. చేదు. నాలుకకు చేదు తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుందన్న సంగతి నేను ముందుగా ఆలోచించనే లేదు.

హుస్సేన్‌బీ పొయ్యి ఆర్పి, "ఏం కాదు మేడమ్, కొంచిం మాడితేనే రుచి," అంది.

"హాస్టల్లో నువ్వు మాడబెడితే నేనేమనేదాన్ని?"

"పారబొయ్యమనేవోళ్లు," అంది.

"పారబొయ్యి."

పారబోసింది. అప్పుడు వాసన సంగతి చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టి, "ఎప్పట్నించి మేడమ్?" అని మాత్రం అడిగి, వేరే గిన్నె తీసుకుంది. నా కోసం కైమా మళ్లీ తెప్పించి, తానే చేసి, డబ్బాలో పెట్టి ఇచ్చింది. వద్దనే శక్తి నాకు లేకపోయింది.

నాలుగు గంటల బస్సులో తిరిగి బయలుదేరాను. పక్కనున్న ఆమె, "ఏందిమ్మా డబ్బాలో, ఇంత బాగా వాసనొస్తాంది?" అంది. మీరు చేసినవేనా అని కూడా అడిగింది. కాదన్నాను. ఆత్మకూరులో దిగేసరికి ఆరు దాటింది. ఇంటికి వచ్చి డబ్బా మూత తీశాను. మెరిసే పాకం, ఒక్కటి కూడా విరగని ఉండలు. ఫోటో తీసి పంపితే శారద నమ్ముతుంది. నా మాట అది ఎన్నడూ అనుమానించలేదు. అందుకే పంపలేకపోయాను. ఫోన్ చేశాను.

"వంట సరిగ్గా వచ్చిందా అక్కా?"

"రాలేదు. సోమవారం నుంచి పంపించు."

అది ఏదో ఒకటి అంటుందనుకున్నాను, వెక్కిరిస్తుందని కూడా అనుకున్నాను. "ఆమెకు కారం తగ్గించమని చెప్తాలే," అని పెట్టేసింది.

ప్రయాణం నేర్పింది ఏమిటని ఇలాంటి వ్యాసాల చివర రాయాలి. నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదని తరగతి గదిలో చాలాసార్లు చెప్పాను. చెప్పేటప్పుడు, నేర్చుకునే మనిషి శరీరం తనతోనే ఉంటుందని అనుకున్నాను. పాకం పట్టడం ఆ రోజు నాకు నిజంగానే వచ్చింది. మాడకముందు ఒక్క నిమిషం అది సరిగ్గానే ఉండి ఉంటుంది. ఆ నిమిషం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఇక నాకెప్పటికీ తెలియదు.

ఈ వంట చేయదలచినవారికి ఒక సూచన. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి, పాకం గరిటె నుంచి నిదానంగా జారగానే ఉండలు వేసి, రెండు నిమిషాలు తిప్పి దించండి. మీకు వాసన తెలియకపోతే, తెలిసిన మనిషిని ఒకరిని పక్కన నిలబెట్టుకోండి. ఆ మాట నేను రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.