కిందటిసారికి థాంక్స్

తోర్గేర్‌కి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ "కిందటిసారికి థాంక్స్!" అని చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు.

ఆ మాట నార్వేలో అందరూ అనేదే. పోయినవారం మీ ఇంట్లో భోంచేసినవాడు ఈవారం సంతలో కనబడితే అంటాడు, అక్కడితో మర్యాద చెల్లిపోతుంది. తోర్గేర్‌కి మాత్రం భోజనంతో నిమిత్తం లేదు. పన్ను పీకిన డాక్టరుకీ అదే మాట, జోరుగా నడిపావని కారు ఆపిన పోలీసుకీ అదే మాట. ఒకసారి శ్మశానంలో, పాతిపెట్టబోతున్న పెట్టెకి కూడా చెప్పాడు. పోయినవాడు బతికున్నప్పుడు ఈయన పడవని అరువు తీసుకెళ్లి ముంచిన మనిషి! పాదిరిగారికి పొలమారి ప్రార్థన కాసేపు ఆగిపోయింది.

కూతురు రాగ్నకి ఆ మాటంటే చిన్నప్పటినుంచీ హడలు. ఎనిమిదో తరగతిలో లెక్కల టీచరు తండ్రిని పిలిపించింది.

"కిందటిసారికి థాంక్స్, టీచర్!"

"కిందటిసారీ ఇదే చెప్పానండీ. మీ అమ్మాయికి భిన్నాలు రావడం లేదు."

"భిన్నాలు రాకపోతే లెక్కల మిషను కొనిపెడతాను. థాంక్స్ చెప్పడం రాకపోతే ఏ కొట్లో కొనాలి?"

చదువు గురించి ఆయన సిద్ధాంతం మొత్తం అంతే. బడి లెక్కలు నేర్పుతుంది, మనుషుల్ని రైలు నేర్పుతుంది అంటాడు. బండెక్కగానే ముందు పక్కవాణ్ని పలకరించాలి, ఆ తర్వాతే కిటికీ. పక్క సీటు మీద సంచి పెట్టి, ఎవరూ కూర్చోకుండా కళ్లు మూసుకుని నిద్ర నటించే దేశంలో ఈ సిద్ధాంతం! ఆయన ఎక్కిన పెట్టెలో జనం పేపర్లు మొహాలకి అడ్డం పెట్టుకునేవారు.

ఈ సిద్ధాంతమే కొంప ముంచింది. రాగ్న తమ్ముడు హోకన్ హోనెఫాస్‌లో లెక్కల మాస్టారు. రెండేళ్ల కిందట తోర్గేర్ వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లి, మనవరాలు ఇల్వాని లెక్కల పరీక్షరోజునే బడి మాన్పించి రైలెక్కించాడు. ప్రయాణంలో మర్యాదలు నేర్పడానికట! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బడిలో పిల్ల కనబడక గగ్గోలు. పరీక్ష పెట్టింది కూడా ఎవరు? సొంత తండ్రే! సాటి మాస్టర్లంతా నవ్వుతుంటే హోకన్‌కి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్న తండ్రి సంచిని గుమ్మం బయట పెట్టి, "నా ఇంట్లో నీ బడి నడపకు. వెళ్లిపో!" అన్నాడు. అంతే. ఆ రోజునుంచి ఫోనుకి ఫోను లేదు, మాటకి మాట లేదు.

ఇప్పుడు ఇల్వాకి చర్చిలో కన్ఫర్మేషన్, అంటే ఈడొచ్చిన పిల్లలు తమ విశ్వాసం చాటే వేడుక. తాతయ్య రాకపోతే తెల్లగౌను వేసుకోనని ఆ పిల్ల మొండికేసింది. హోకన్ దిగొచ్చాడుగానీ, రాగ్నకి ఫోన్ చేసి ఒక షరతు పెట్టాడు.

"రమ్మను అక్కా. కానీ ఆ మాట ఒక్కటి నా మొహం మీద అన్నాడా, స్టేషన్లోంచే తిరుగుబండి ఎక్కించేస్తా."

"అలవాటు కొద్దీ అంటాడురా..."

"అలవాటు కాదు, దెప్పడం! మ్యాచ్‌లో పోయిన ఏడాది ఓడినవాడు ఈ ఏడాది గెలిచి పళ్లు కొరుకుతూ అనే మాట కూడా అదే కదా. రెండేళ్లు కడుపులో దాచుకుని నా మీదకి విసురుతాడు. చూస్తూండు!"

రాగ్నకీ అలాగే అనిపించింది. నిజమే, కక్ష తీర్చుకున్నవాడు అనేదీ అదే మాట. ఇది కూడా చెడితే ఇక ఈ తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఏ చావుకో, పుట్టుకకో.

తమ ఊరు వోస్‌లో తండ్రితో బండెక్కుతూనే మొదలుపెట్టింది.

"నాన్నా, నాకు మాటివ్వు. తమ్ముడికి ఆ మాట చెప్పకు."

"మరేం చెప్పను?"

"హాయ్ అను."

"హాయ్ ఏమిటి? తప్పిపోయిన కుక్కని పిలిచినట్టు!"

"కుక్కనే పిలువు. ఆ మాట మాత్రం వద్దు."

ఇంతలో టికెట్లు చూడటానికి కండక్టరమ్మ వచ్చింది.

"కిందటిసారికి థాంక్స్!" అన్నాడు తోర్గేర్.

"మనం ఇంతకుముందు కలిశామాండీ?"

"కలవకపోతే అడ్వాన్సుగా ఉంచుకోండి."

రాగ్న తల పట్టుకుంది. బండి కొండెక్కుతోంది. హోనెఫాస్‌కి ఇంకా మూడు గంటల పైమాటే. ఈ నోటికి తాళం ఎక్కడ దొరుకుతుంది దేవుడా!

కొండ మీది ఫిన్సే స్టేషన్లో బండి కాసేపు ఆగింది. మే నెలైనా అక్కడ ఇంకా మోకాల్లోతు మంచే. రాగ్న కాఫీ తేవడానికి పక్క పెట్టెలోకి వెళ్లి వచ్చేసరికి తండ్రి సీటు ఖాళీ. కిటికీలోంచి చూసింది. తోర్గేర్ ఒట్టి ఉన్ని మేజోళ్లతో ప్లాట్‌ఫారం మీద నిలబడి, పారతో మంచు ఎత్తిపోస్తున్న మనిషి చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. బూట్లు సీటు కింద ఉన్నాయి. ఈల వేశారు.

"నాన్నా! బండి కదుల్తోంది!"

ఆయన చెయ్యెత్తి, 'వస్తున్నాలే' అన్నట్టు ఊపి మళ్లీ కబుర్లలో పడ్డాడు. రాగ్న కాఫీ పారబోసుకుంటూ పరిగెత్తి తలుపులో కాలు అడ్డం పెట్టింది.

"కాలు తీయండమ్మా!" అని అరిచింది కండక్టరమ్మ.

"తియ్యను! మా నాన్న బయటున్నాడు!"

తోర్గేర్ కొంగలా గెంతుకుంటూ వచ్చి ఎక్కాడు. తలుపు ఆయన వెనకే మూసుకుంది.

"ఎవరు నాన్నా ఆయన?"

"ఏమో. పోయిన చలికాలం మన బండి మంచులో ఇరుక్కుంటే తవ్వింది ఈయనే అయ్యుండాలి. ఈయన కాకపోతే ఈయన తమ్ముడు."

రాగ్నకి అరికాలి మంట నెత్తికెక్కింది. "బండి తప్పిపోయుంటే? అక్కడ మన హోకన్ ఏమనుకునేవాడు? నీ మర్యాదల పిచ్చి వల్లే ఇల్లు రెండు ముక్కలైంది నాన్నా. ఊరందరికీ థాంక్స్ చెప్పావు, కన్నకొడుకుని పోగొట్టుకున్నావు!"

పెట్టెలో పేపర్లన్నీ ఒక్క జానెడు కిందకి దిగాయి. తోర్గేర్ తడిసిన మేజోళ్లు విప్పి, హీటరు మీద ఆరేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అంత మాట ఎందుకన్నానా అని రాగ్నకి ఏడుపొచ్చింది. చాలాసేపటికి ఆయన నెమ్మదిగా, తనలో తను "హాయ్... హాయ్ హోకన్... హాయ్" అనుకోవడం వినబడింది. ప్రతిసారీ కుక్కని పిలిచినట్టే ఉంది.

హోనెఫాస్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద హోకన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఇల్వా, తండ్రి భుజం దాటి పొడుగైంది. తాతని చూసి పరిగెత్తబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

తోర్గేర్ దిగాడు. కొడుకు ముందు నిలబడ్డాడు. రాగ్న ఆయన కోటు వెనకనుంచి పట్టుకుంది.

"హా..." అన్నాడు తోర్గేర్. మింగాడు. మళ్లీ "హా..." అన్నాడు. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? "కిందటిసారికి థాంక్స్, హోకన్."

రాగ్న కళ్లు మూసుకుంది.

"చూశావా అక్కా!" హోకన్ రాగ్న వైపు తిరిగాడు. "చెప్పానా లేదా? రెండేళ్లు మోసుకొచ్చి కక్కాడు! తిరుగుబండి ఎన్నింటికో చూడు!"

"కక్కడమేమిటిరా?" తోర్గేర్ నిజంగానే బిత్తరపోయాడు. "రొట్టెలకి చెప్పాను."

"ఏం రొట్టెలు?"

"ఆ రోజు నువ్వు సంచి బయట పెట్టావా? బండిలో ఆకలేసి తెరిస్తే పైనే పొట్లం ఉంది. నాలుగు రొట్టె ముక్కలు, బ్రౌన్ చీజ్ పెట్టి. ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యమధ్య కాగితం కూడా పెట్టావు. అంత అరుస్తూ కూడా కాగితాలు మర్చిపోలేదురా నువ్వు. గోల్ స్టేషన్ దాకా అదే అనుకుంటూ తిన్నాను. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు ఎత్తలేదు."

రాగ్న కళ్లు తెరిచింది. రెండేళ్లుగా తండ్రి ఆ పొద్దుటి సంగతి ఎత్తినప్పుడల్లా తను మాట మార్చేసేది, గాయం రేగుతుందని. ఆయన దగ్గర గాయమే లేదు. అరుపులన్నీ ఎక్కడో పారేసి రొట్టెలొక్కటే దాచుకున్నాడు! అంటే ఆ పోలీసు దగ్గరా, పన్ను పీకిన డాక్టరు దగ్గరా కూడా ఇలాగే ఏదో ఒక మంచి ముక్క ఏరుకుని ఉంటాడు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా 'దేనికి నాన్నా థాంక్స్?' అని తను అడిగిన పాపాన పోలేదు. ఆమెకి సిగ్గేసింది, వెంటనే తండ్రి మీద ముద్దు కూడా వచ్చింది.

హోకన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. రైలు పట్టాల వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు.

"అది... నీకోసం కట్టింది కాదు," అని గొణిగాడు. "బడికి నాకోసం కట్టుకున్నది. కోపంలో పొరపాటున నీ సంచిలో పడింది. ఆ రోజంతా పస్తున్నాను."

"పస్తున్నావా?" తోర్గేర్ మొహం వెలిగిపోయింది. "అయితే రెండు థాంక్స్‌లు! నువ్వు మాడి నాకు పెట్టావన్నమాట!"

ఇల్వా ఇక ఆగలేకపోయింది. పకపకా నవ్వుతూ తాత మెడకి చుట్టేసుకుంది. హోకన్ కూడా నవ్వు బిగబట్టబోయాడుగానీ కుదరలేదు. "ఏమిటి నాన్నా నువ్వు!" అంటూ తండ్రి చేతిలో సంచి లాక్కుని ముందు నడిచాడు.

రాగ్న వెనకాల నడుస్తోంది. హోకన్‌కి పుట్టిన దగ్గర్నుంచీ బ్రౌన్ చీజ్ వాసనే పడదు. ఎవరైనా తింటుంటే బల్ల దగ్గర్నుంచి లేచిపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఒరే తమ్ముడూ..." అంది.

హోకన్ గిరుక్కున వెనక్కి తిరిగి, చెప్పొద్దన్నట్టు కళ్లతోనే బతిమాలాడు.

"ఏం లేదురా," అంది రాగ్న. "సంచి బరువుగా ఉందేమోనని."