ఉమ్మేసిన గుక్క

నేను కలిపిన వైనును ఆ మనిషి నోట్లో పోసుకొని, ఈ బుగ్గకూ ఆ బుగ్గకూ తిప్పి, బకెట్‌లో ఉమ్మేశాడు. బాగుందనలేదు, బాగాలేదని కూడా అనలేదు. నాకిప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళు మెత్తబడ్డాయి గాని ఆ కోపం మెత్తబడలేదు.

ఆ రోజుల్లో మా కడప వైపు వైను అంటే తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళలో సగం మంది అది బాలింతలకిచ్చే టానిక్కనుకునేవాళ్ళు. అట్లాంటి కాలంలో రాయచోటి దగ్గర ఒక గుట్ట కింద, పాత వేరుశనగ గోడౌనులో, మా యజమాని చిన్న వైను కార్ఖానా పెట్టి, పదో తరగతి తప్పిన నన్ను పీపాలు కడగడానికి పెట్టుకున్నాడు. ఆయన్ను చాటున చక్కెర సామి అనేవాళ్ళం (ఆయన చేసిన వైను తాగితే పళ్ళు జివ్వుమనేవి). నాతోపాటు పీపాలు బిగించే చాచా ఒకాయన ఉండేవాడు. జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. మూత తీసి, ముక్కు పెట్టి, ఇది మంచిది ఇది పోయింది అని చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు.

గోడౌనులో రెండు రకాల ఎర్ర వైను ఉండేది. బావి కింది ద్రాక్షతోటది మెత్తగా, తియ్యగా ఉండి గొంతు దాటగానే మాయమయ్యేది. గుట్టవాలు తోటలో నీళ్ళు లేక కాయ చిన్నది, తోలు మందం. దాని వైను కరక్కాయ కొరికినట్టు వగరు. ఈ రెంటికీ పెళ్ళి చేస్తే ఎట్లుంటుందని నా బుర్రలో పురుగు తొలిచింది. రోజూ మధ్యాహ్నం సంగటిలోకి ఊరిబిండి తిని, ఆ వేరుశనగ కారం నాలుక మీద ఉండగానే, సోలతో కొలిచి కలిపి రుచి చూసేవాణ్ణి (ఊరిబిండి ముందు నిలబడలేనిది వైనే కాదని నా సిద్ధాంతం, ఎవరూ నేర్పలేదు). రెండు నెలలు తిప్పలు పడ్డాక ఒకనాడు చాచా పీపా మీద వంచిన తల ఎంతకీ ఎత్తలేదు.

"ఎండిన రేగ్గాయల గంప మూత తీసినట్టుండాదిరా బిడ్డా," అన్నాడు.

యజమానికి చెప్పాను. కొలత మాత్రం చెప్పలేదు, అది నా తలలోనే ఉంది. ఆయన గ్లాసెడు తాగి మూతి తుడుచుకొని, "బెంగళూరు నుంచి రుచి చూసే పెద్దమనిషి వస్తాండాడు. ఆయన సై అంటే సీసాల్లో నువ్వు కలిపిందే పోస్తా. లేదంటే నోరు మూసుకొని పీపాలు కడుక్కోవాల," అన్నాడు.

పెద్దమనిషి వచ్చాడు. రాగానే ఒక బకెట్ అడిగాడు. కాళ్ళు కడుక్కోవడానికేమోనని సత్తు బకెట్ నిండా నీళ్ళు తెస్తే, ఖాళీది కావాలన్నాడు. తర్వాత నా గ్లాసు వెలుగుకు పట్టి చూశాడు, వాసన పీల్చాడు, గుక్క తీసుకున్నాడు, ఉమ్మాడు. బిందెడు నీళ్ళకు మైలు నడిచే ఊళ్ళు మావి. ఎవరింట్లోనైనా చెంబెడు మజ్జిగ ఇస్తే, అది పులిసినా సరే, మింగి చల్లగుందనాలి. నోట్లోది బయటికి ఊశాడంటే ఆ గడప ఇంక తొక్కడని అర్థం. నేనింకా నిలదొక్కుకోక ముందే ఆయన రెండో గుక్క నోట్లో పోసుకున్నాడు. నేను బకెట్ లాక్కున్నాను.

"ఏమప్పా, అంత పాడుగుండాదా? మింగితే సస్తావా? ఇంగ యాడ ఊస్తావో ఊసు, చూస్తా."

ఆయన బుగ్గలు పూరీల్లాగా ఉబ్బి ఉన్నాయి. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. బకెట్ వైపు, గచ్చు వైపు, మా యజమాని వైపు దీనంగా చూస్తున్నాడు.

"ఒరేయ్, బకెట్ ఈడ పెట్టి పో. మళ్ళా గేటు లోపల కనపడొద్దు," అన్నాడు యజమాని.

"పెడితే మళ్ళా ఊస్తాడు," అన్నాను.

చాచా నా భుజం పట్టుకొని బయటికి లాక్కుపోయాడు. గేటు దాటాక చూసుకుంటే బకెట్ నా చేతిలోనే ఉంది. "నౌకరీ పోతే పోయెలే బిడ్డా, బకెట్ దక్కె," అన్నాడు చాచా. ఆ సాయంత్రమే బస్సెక్కి పత్తికొండలో మా మామ దగ్గరికి పోయాను. మళ్ళీ ఆ వైపు తల తిప్పలేదు. చక్కెర సామి తన పానకాన్నే సీసాల్లో పోసి, కొన్నాళ్ళకు తలుపులకు తాళం వేశాడని తర్వాత విన్నాను.

అక్కడ టమేటా మండీలో గంపలు ఎత్తుతూ, వైను మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. వాటిలో ఒకటి, రుచి చూసేవాళ్ళు ఉమ్మడమే పద్ధతనీ, మింగుతూ పోతే పదో గ్లాసుకు నాలుక పనిచేయదనీ చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తప్పు నాదని తెలిశాక కోపం రెండింతలైంది. సరే, ఉమ్మడం పద్ధతే. మరి అది ఎట్లుందో ఒక్క మాట చెప్పడం ఏ దేశంలో పద్ధతి కాదు?

పోయిన ఏడు ఒక పత్రికలో ఆ బెంగళూరు పెద్దమనిషి వ్యాసం కనపడింది. పత్రిక వాళ్ళ ద్వారా తొమ్మిది పేజీల ఉత్తరం రాశాను. ఎనిమిది పేజీలు తిట్లే. తొమ్మిదో పేజీలో మాత్రం, అయ్యా, అది ఎట్లుండింది, అని అడిగాను. ఆ సత్తు బకెట్‌లో ఇప్పుడు పుదీనా పెరుగుతోంది. నీళ్ళు పోసినప్పుడల్లా, దాన్ని కడుపుకు హత్తుకొని గేటు బయట నిలబడిన ఆ ఇరవై రెండేళ్ళ మొండివాణ్ణి తలుచుకొని నవ్వొస్తుంది. ఇంకొక్క నిమిషం ఆగుంటే ఏం పోయెరా, అని అడగాలనిపిస్తుంది. నాలుగు నెలలు నన్ను ఎదురుచూసేట్టు చేసి, పోయిన వారం జవాబు వచ్చింది:

"అయ్యా, మొదటి గుక్క ఉమ్మాను, అది నా పని. రెండో గుక్కకు బకెట్ మీరు పట్టుకుపోయారు గనుక మింగక తప్పలేదు. మింగాక, ఇంకో గ్లాసు పోయమన్నాను. అది కూడా మింగి, దీన్ని కలిపిన మనిషిని పిలవండి, మాట్లాడాలి అన్నాను. ఇప్పుడే గేటు బయటికి తరిమేశామని మీ యజమాని చెప్పారు."