రెండో గేరు దాటని బండి

మొన్న ఖమ్మం బస్టాండు నుంచి మా చెల్లెలింటికి వెళ్లడానికి బ్యాటరీ ఆటో ఎక్కాను. చప్పుడు లేదు, కుదుపు లేదు, కుర్చీలో కూర్చుని గాలిలో జారుతున్నట్టుంది. వంతెన ఎక్కి అవతలికి దిగుతున్నప్పుడు మాత్రం నాకు తెలియకుండానే ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని డ్రైవరు ఎడమచేతి వైపు చూశాను. అద్దంలో గమనించినట్టున్నాడు, "ఏందమ్మా, భయమైతుందా?" అన్నాడు. "గేరు మార్చవేం బాబూ?" అని అడిగాను. "దీనికి గేర్లుండయమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను గాని, దిగుడు పూర్తయ్యేదాకా కమ్మీ వదల్లేదు.

ఎనభైల చివరి మాట. మా అత్తవారు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడు దగ్గర భూములు కొనుక్కుని మిరప, పొగాకు వేసుకున్న కుటుంబం. పెళ్లయిన ఏడాదికి నాకు అడవి లోపలి పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. మొత్తం బడికి నేనొక్కదాన్నే. అక్కడికి బస్సు లేదు. మావారి అన్నయ్య, అంటే మా బావగారు, ఎక్కడో ఎవరి చేతులో మారిన పాత మూడు చక్రాల డీజిలు బండి ఒకటి బ్రోకరు ద్వారా కొన్నారు. వెనక రేకుల పెట్టె, దాంట్లో ఎదురెదురుగా రెండు చెక్క బల్లలు. రోజూ నన్ను బడి దగ్గర దింపడం, దారిలో ఎక్కినవాళ్లను ఎక్కించుకోవడం, సంత రోజున సరుకు తోలడం ఆయన పని. బండికి గేర్లు ఎడమచేతి పిడిలో ఉండేవి. క్లచ్ నొక్కి పిడిని మెలితిప్పాలి. ఒకటి పడేది, రెండు పడేది, ఆ తర్వాత గోడకు తగిలినట్టు పిడి ఆగిపోయేది. రెండో గేరులో ఇంజను అడవంతా వినిపించేలా అరుస్తుండగా సైకిలు మీద వెళ్లేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోయేవారు. దాటుతూ బావగారికి నమస్కారం కూడా పెట్టేవారు. దాటినందుకు కాదు గాని, ఆ నమస్కారానికి ఆయనకు ఒళ్లు మండేది.

దారి సగంలో ఒక దిగుడు ఉంది. ఎర్రమట్టి బాట రెండు వైపులా టేకు చెట్ల మధ్య నుంచి వంకర తిరుగుతూ కిందికి, వాగు దాకా జారుతుంది. మొదటి సంత రోజు బండి నిండా పల్లె జనం ఉన్నారు. దిగుడు మొదట్లోకి రాగానే ఒక ఆడమనిషి రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. బావగారు ఆపారు. చంకలో పిల్లలతో, నెత్తిన మూటలతో అందరూ దిగి బాట పక్కన వరసగా నిలబడ్డారు. బండి కదలగానే మొహాలు అటు తిప్పుకున్నారు. పెట్టెలో నేనొక్కదాన్నే మిగిలాను. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. వెనక్కి చూస్తే ఎండలో అన్ని వీపులు. మేము వాగు దాటి ఆగాక వాళ్లు నిదానంగా నడిచి వచ్చి, మళ్లీ ఎవరి చోట్లో వాళ్లు ఎక్కి కూర్చున్నారు. "పాత బండి అని జాలిపడ్డారు, మంచివాళ్లు" అన్నారు బావగారు.

ప్రతిసారీ అంతే. ఇంకొకటి కూడా గమనించాను. దిగుడు దగ్గర టేకు చెట్ల లోపల అప్పుడప్పుడు ఒక మగమనిషి నిలబడి ఉండేవాడు, మాకు వీపు పెట్టి. కట్టెలు కొట్టేవాడు కాదు, ఆకులు కోసేవాడు కాదు. ఊరికే నిలబడేవాడు. బండిలో వాళ్లు అతన్ని చూసి కూడా పలకరించేవారు కాదు. ఎవరని బడి పక్కింటి ముసలమ్మను అడిగితే, ఆమె చేట పక్కన పెట్టి, "గా బండి మాకు ఎరికే, పంతులమ్మా" అంది. నేనడిగింది మనిషి గురించి, ఆమె చెప్పింది బండి గురించి. ఆ పైన ఎంత అడిగినా చేట అందుకుని చెరగడమే.

ఎండలు ముదిరేసరికి బావగారికి ఆ సైకిళ్ల బాధ భరించరానిదై, బండిని మెకానిక్ ఉస్తాదు దగ్గరికి తోలారు. ఉస్తాదు పెద్ద వయసువాడు, ఏ బండి అయినా ముందు చెవి ఆనించి విన్నాక గాని పానా ముట్టుకోడు. పిడి విప్పి చూశాడట. లోపల చిన్న ఇనుప ముక్క ఒకటి ఇత్తడితో అతికించి ఉంది. "సార్, ఇది ఖరాబై ఆగింది కాదు. మూడో గేరు పడకుంట ఎవరో కావాల్నని ఆపిండ్రు" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఆపినోన్ని అడగాలె. నన్నడిగితే తియ్యొద్దంట" అన్నాడు. బావగారు తీయించారు.

మూడో గేరు పడిన మొదటి రోజు ఆయన మొహంలో వెలుగు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇద్దరు సైకిలు వాళ్లను దాటి, వెనక్కి తిరిగి ఆయనే నమస్కారం పెట్టారు. ఆ సంతోషంలోనే దిగుడుకు వచ్చాం. ఆ రోజు పెట్టెలో నేను తప్ప ఎవరూ లేరు. సగం దిగాక టక్‌మని చప్పుడు. ఇంజను ఒక్కసారిగా మెత్తబడింది, బండి మాత్రం వేగం అందుకుంది. చప్పుడు తగ్గుతూ వేగం పెరగడం ఎంత భయంగా ఉంటుందో అనుభవిస్తే తప్ప తెలియదు. బావగారు బ్రేకు మీద నిలబడినంత పని చేసి, వాగు ఇంకా కొంచెం ఉందనగా ఆపారు. దిగి ఎడమ అరచేయి చూసుకున్నారు. "నేను తిప్పలేదమ్మా. ఎవరో నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పినట్టు దానంతటదే తిరిగింది" అన్నారు. దేవుణ్ని కూడా ఆధారం అడిగే మనిషి ఆయన.

ఉస్తాదు గేరు వైర్లు రెండూ కొత్తవి వేశాడు, బిగువు సరిచేశాడు, తనే నడిపి చూశాడు. తారు రోడ్డు మీద ఇరవైసార్లు మూడో గేరు వేసినా ఒక్కసారి జారలేదు. "పాత వైర్లు సాగినయి, గదే రోగం" అని తేల్చాడు. మర్నాడు దిగుడు మొదట్లో ఒక ఆడమనిషి చెయ్యెత్తి నిలబడి ఉంది. సంత రోజుల్లో రేకు మీద కొట్టే ఆమే. "తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాలే" అని బావగారు ఆపలేదు. నాతో మాత్రం, "దిగుతావా అమ్మా? బాగైందో లేదో ఇక్కడే తేలాలి" అన్నారు. దిగాలనే ఉంది. దిగితే ఆయన్ని నమ్మనట్టవుతుందని మొహమాటపడి, "ఫర్వాలేదు బావగారూ" అన్నాను. చాలా మంది ప్రాణాలు ఇలాంటి మొహమాటాల వల్లే పోతాయని తర్వాత అనిపించింది.

మళ్లీ అదే చోట, అదే టక్. ఈసారి బ్రేకు పట్టలేదు. బావగారు బండిని బాట పక్క మట్టికట్టకు రాసేశారు. అది ఒరిగి, రేకు చీలుతూ వెళ్లి ఆగింది. నేను బల్లకూ బల్లకూ మధ్య పడ్డాను. దుమ్ము అణగకముందే ఆ ఆడమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. మోకాలు పట్టుకుని మూలుగుతున్న బావగారిని చూడనైనా లేదు. నేరుగా పెట్టెలోకి తొంగి చూసి, "ఎంతమంది ఎక్కిండ్రు?" అంది. ఒక్కదాన్నే అన్నాను. "నువ్వొక్కదానివేనా?" అని మళ్లీ అడిగి, బల్లల కింద కూడా చేత్తో తడిమి చూసి, అప్పుడు నా చెయ్యి పట్టుకుని లేపింది.

ఆ బండి ఒకప్పుడు వాళ్లదే. ఆమె భర్త నడిపేవాడట. ఆ దిగుడులోనే మూడో గేరు జారి వాగు రాళ్లలోకి పోయింది. అతనికి చిన్న గాయమైనా కాలేదు. వెనక కూర్చున్న పదేళ్ల కూతురు పోయింది. "గప్పుడు గా ముక్క అతికిచ్చిండు. ఇంకో రెండేండ్లు నడిపిండు గని, ఎనక ఎవలు కూసున్నా మెడ తిప్పి తిప్పి చూసెటోడు. ఇగ కాదని అమ్మిండు. మళ్ల బండి గీ బాటకే వచ్చె. సప్పుడు ఇనంగనే ఇంట్ల ఉండడు, చెట్లలకు పోయి నిలవడ్తడు" అంది. టేకు చెట్లలోని వీపు ఎవరిదో నాకు అర్థమైంది. ముందే చెప్పలేదేమని బావగారు అడిగారు. "మీరు గూడ రెండో గేర్లనే పోతుండ్రి గదా, చెప్పుడెందుకు అనుకున్న. నిన్న సప్పుడు మారింది. చెప్దామని పొద్దుగాలనే వచ్చి నిలవడ్డ. మీరు ఆగకపోతిరి."

ఎడ్లు కట్టి బండిని లాక్కెళ్లాక ఉస్తాదు ఈసారి గేరు పెట్టెనే విప్పాడు. మూడో గేరును పట్టి ఉంచే పళ్ల అంచులు అరిగి గుండ్రబడ్డాయి. చదును మీద ఇంజను చక్రాలను లాగుతుంది కాబట్టి ఆ పళ్లు బిగుసుకుని ఉంటాయి. దిగుడులో చక్రాలే ఇంజనును తోస్తాయి, అప్పుడు గేరు జారి బయటికొస్తుంది. "అందుకే నా దుకాణం ముందర ఎన్నిసార్లు నడిపినా దొరకలే" అని, తనను తాను తిట్టుకుంటూ కొత్త సామాను ఖమ్మం నుంచి తెప్పించి వేశాడు. బ్రేకులూ మార్చాడు. వట్టి బండిని దిగుడులో పదిసార్లు తనే దింపి చూసి, అప్పుడు తాళం బావగారి చేతికిచ్చాడు.

తర్వాతి సంత రోజు మామూలుగానే అందరూ దిగిపోయారు. ఆమె కూడా దిగి నిలబడింది. బావగారు ఆమెతో, "బాగైందమ్మా. ఎక్కమని నేను చెప్పను. నీకు తెలియాలని చెబుతున్నా" అన్నారు. ఆమె కాసేపు వాగు వైపు చూసింది. ఏమనుకుందో, ఎక్కి నా ఎదురుబల్ల మీద చివరన కూర్చుంది. బండి మూడో గేరులో దిగింది. ఆమె కళ్లు మూసుకోలేదు, కమ్మీ పట్టుకోలేదు, పెదవులు మాత్రం లెక్క పెడుతున్నట్టు కదిలాయి. గేరు జారలేదు. నీళ్లు చక్రాలకు తగిలి బండి ఆగాక కూడా ఆమె లేవలేదు. నన్ను చూసి, "గింత జల్దీ అయిపోతదా?" అంది. నా చేతికి గడియారం ఉంది గాని, ఆ దిగుడు దిగడానికి ఒక నిమిషం పట్టిందో, ఆమెకు పట్టినన్ని ఏళ్లు పట్టిందో దాన్ని చూసి చెప్పడం ఎవరి తరం?