మండలాఫీసు వరండాలో మూడు రాళ్లు

నాయిన పోయాక ఆయన పేరున ఉన్న మెట్ట చెలక మా అవ్వ పేరు మీదికి మారాలి. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. పట్టా మారలేదు కదా అని చిన్నాయిన ప్రతి దుక్కికీ గట్టును మా వైపు జరుపుతున్నాడు. ఇలాగే పోతే మాకు మిగిలేది ఆ గట్టే. అందుకని అవ్వ వారం వారం మానుకోట పోయే బస్సెక్కి మధ్యలో మండలాఫీసు దగ్గర దిగేది. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే "రేపు రా" అనేవాడు. ఆయన చెప్పే రేపు ఏ క్యాలెండర్లోనూ లేదు.

ఇంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. ఆఫీసుకు తాళం, ఎదుట రోడ్డు మీద వంటావార్పు. అవ్వకు ఈ సంగతి తెలియక మామూలుగానే పోయింది. గుమాస్తా అన్నం మాడబెట్టి, పొగలో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"జరుగు సారూ, గిట్ల వండితే కుక్కలు గూడ ముట్టయి" అని గరిటె లాక్కుంది.

సమ్మె నడిచినన్నాళ్లూ మా పెరటి వంకాయలు ఆ రోడ్డు మీదే ఉడికాయి. గుమాస్తా నేల మీద బాసింపట్టు వేసుకుని, మారు పప్పు పోయించుకుని, "అవ్వా, మన రాష్ట్రం రానీ, నీ పట్టా నీ ఇంటికే వస్తది" అనేవాడు. అవ్వ నమ్మింది. నేనూ నమ్మాను. మన చేతి అన్నం తిన్నవాడు మళ్లీ మనల్ని గుమ్మంలో నిలబెడతాడని ఎవరనుకుంటారు?

సమ్మె ముగిసింది, తాళం తీశారు. అవ్వ మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పోయింది. గుమాస్తా తలెత్తలేదు.

"రేపు రా."

నాకు ఒళ్లు మండిపోయింది. అవ్వ మాత్రం రమ్మన్నాడు కదా అని మరునాడే పోయింది, బియ్యం మూట, గిన్నె, కట్టెలు నా నెత్తిన పెట్టి. ఆఫీసు వరండాలో మూడు రాళ్లు పేర్చి పొయ్యి ముట్టించింది. పొగకు గుమాస్తా దగ్గుకుంటూ ఉరికొచ్చాడు.

"అవ్వా, గిదేంది? గిది సర్కారు ఆఫీసు!"

"సమ్మె, సారూ. పని గాకుంటే గిట్ల జెయ్యాలని మీరే నేర్పిరి గదా."

పనుల మీద వచ్చి పడిగాపులు కాస్తున్నవాళ్లంతా పొయ్యి చుట్టూ చేరారు. ఒకాయన ఉల్లిగడ్డలు తెచ్చాడు, ఒకామె మిరపకాయలు తుంచసాగింది. లోపలి నుంచి పెద్దసారు ఆ గోల ఏమిటని అడిగాడు. గుమాస్తా పరుగున పోయి ఫైలు తీశాడు. గంజి వార్చేలోపు పట్టా మీద సంతకం పడింది.

అలవాటు కొద్దీ గుమాస్తా విస్తరి కోసం చూశాడు. అవ్వ వరండాలో ఉన్నవాళ్లందరికీ వడ్డించి, గిన్నె బోర్లించి, ఆయన వైపు తలెత్తకుండానే అంది:

"రేపు రా, సారూ."