గోనెలతో మూసిన గొర్ల కొట్టం

మా గొర్ల కొట్టంలోకి గాలి రాకుండా గోనె సంచులు కట్టింది మా అమ్మే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

ఎనభైల్లో మాట. దుమ్ముగూడేనికి ఇవతల, అడవి అంచున మా ఊరు. నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆ గొర్ల మందే. భూమి గుంటెడు లేదు. గొర్లు ఉంటే మేం ఉన్నట్టు, లేకపోతే కూలికి పోవాల్సిందే. "ఒకల చేన్ల నడుం వంచేది లేదు" అని అమ్మ ఎంత గర్వంగా అనేదో! చిరుతపులి భయం ఒకటి, ముసురు ఒకటి. అందుకని వానాకాలమంతా మందను తడికల గోడలున్న కొట్టంలోనే ఉంచేవాళ్లం. అది మా గొర్లకే ఇరుకు.

ఆ శ్రావణంలో గోదావరి పొంగింది. ఏటి ఒడ్డున ఉండే మా మేనమామ మోకాలి లోతు బురదలో మందను తోలుకుని వచ్చాడు.

"చెల్లె, కొట్టం మునిగింది. ఏడికి పోను?"

"గదేం మాటన్నా? జల్దీ లోపటికి తోలు" అంది అమ్మ.

పుట్టింటి మనిషి వానలో నిలబడితే వద్దనేదెవరు? రెండు మందలతో కొట్టంలో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. ఒకదాని మూతి ఇంకొకదాని మొహంలో, అన్నిటికీ ఒకటే నీళ్ల తొట్టి.

కొన్నాళ్లకు మామ గొర్రె ఒకటి మేత మానేసింది. కళ్ల వెంటా ముక్కు వెంటా ఒకటే నీళ్లు. తోక ఎత్తి చూస్తే ఎర్రటి బొబ్బలు. మామ తల దించుకుని, "వచ్చేటప్పుడే జర నలతగ ఉండె. వానకు జలుబు చేసిందనుకున్న" అన్నాడు.

"అనుకున్నవా మామా! చెప్పొద్దా?" అని నేను లేచాను. అమ్మ కసిరింది.

"నోరు ముయ్యే. అమ్మవారు పోసింది. గట్ల అరవొద్దు."

మా అమ్మ మొహం నిండా స్ఫోటకం మచ్చలే. చిన్నప్పుడు చచ్చి బతికింది. అప్పుడు వాళ్లమ్మ తలుపులు బిగించి, గాలి తగలనీయకుండా, ఇంట్లో ఎవర్నీ గడప దాటనీయకుండా చూసుకుందట. అమ్మవారున్న ఇంట్లోంచి ఎవర్ని పంపినా ఆ తల్లినే వెళ్లగొట్టినట్టని మా వైపు నమ్మకం. తనను బతికించిన పద్ధతే గొర్లనూ బతికిస్తుందనుకుంది. తడికల సందులన్నీ గోనెలతో మూసింది. మేతకు తోలడం మానేసి, కొమ్మలు కొట్టుకొచ్చి లోపలే వేసింది. పసుపు నీళ్లలో వేపమండ ముంచి రోగమున్నదాని బొబ్బలు అద్దేది. అదే మండతో పక్కదాని ఒళ్లు తుడిచేది. ఎంత ప్రేమగా తుడిచేదో నేను చెప్పలేను.

ఇక ఊరుకోలేక పశువుల దవాఖానాకు పోయి డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన కొట్టంలో అడుగుపెట్టి, ముక్కు మూసుకుని వెంటనే బయటికొచ్చాడు.

"ముందు ఆ సంచులు పీకెయ్ అమ్మా. ఇది ఊపిరితోని అంటుకుంటది, రాలిన పొక్కులతోని అంటుకుంటది. మంచిగున్నయాటిని ఇయ్యాల్నే వేరే పెట్టు. వాటికి సూదులేస్త."

"అమ్మవారు ఇంట్ల ఉండంగ సూదులేంది సారూ? తల్లిని ఎల్లగొట్టమంటరా?"

అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నీ మొండితనం కాలిపోను! నువ్వొక్కదానివి బతికితివి. నీ పక్కల పండుకున్న నీ చెల్లెండ్లు ఏమైన్రే?"

వాళ్లిద్దరూ ఆ మూసిన గదిలోనే పోయారు. అమ్మ నా వైపు చూడలేదు. "తల్లి తీస్కపోయింది" అంది, అంతే. డాక్టరు సూదుల పెట్టె మూసుకుని వెళ్లిపోయాడు.

ముందు గొర్రెపిల్లలు పోయాయి. పొదుగంతా బొబ్బలు లేచిన తల్లులు పాలకొచ్చిన పిల్లల్ని కాలితో తన్నేవి. అవి ఆకలికి అరిచి అరిచి, అరవడం మానేసేవి. తర్వాత పెద్దవి పడ్డాయి. నేనూ మామా గుంతలు తవ్వితే వాన నీళ్లు నిండేవి. ఆ నీళ్లలోనే పూడ్చేవాళ్లం. పాపిష్టి పని. ఏది ఎవరి గొర్రెనో చూడటం మామ ఎప్పుడో మానేశాడు.

ఏరు తగ్గింది. మిగిలిన కొన్ని గొర్లకు పొక్కులు ఎండాయి. ఇక అమ్మవారిని సాగనంపాలి. ఒంటి మీద మచ్చలేని గొర్రెను పొలిమేరలో బలి ఇచ్చి పంపడం ఆనవాయితీ. అమ్మ కొట్టం తలుపు తీసి ఒక్కొక్కదాన్నే పట్టుకుని చెవుల వెనకా, తోక కిందా చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. మామ పక్కకు తిరిగి కండువాతో మొహం కప్పుకున్నాడు.

చివరికి ఒట్టి చేతులతోనే పొలిమేరకు నడిచింది. నేను వెనకే పోయాను. అక్కడ నిలబడి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మెల్లగా అంది:

"నువ్వు ముట్టనిది నా ఇంట్ల ఒక్కటి గూడ మిగల్లే. ఇగ పో తల్లీ."